అచ్చు ఒకటే, ఇటుకలు వేరు: అడా భాషలో కొత్త రకాల చరిత్ర

సీ భాషలో టైప్‌డెఫ్ వాడి మీటర్లు, సెకన్లు అని రెండు పేర్లు పెట్టారనుకోండి. రెండూ పూర్ణాంకాలే. తర్వాత మీటర్లకు సెకన్లను కూడితే కంపైలర్ ఏమీ అనదు. పేరు మారింది కానీ రకం మారలేదు. ఇదే పనిని అడా భాషలో వ్యుత్పన్న రకాలతో చేస్తే ప్రోగ్రామ్ కంపైల్ కాదు. ఈ పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో ముందుగా చూద్దాం.

1970లలో అమెరికా రక్షణ శాఖ ప్రాజెక్టుల్లో 450కి పైగా భాషలు, మాండలికాలు వాడుకలో ఉండేవి. విమానాల్లో, ఆయుధాల్లో ఇమిడిపోయిన కంప్యూటర్లకు రాసిన ప్రోగ్రాములను ఏళ్ల తరబడి నిర్వహించడం పెద్ద భారమైంది. 1975లో ఏర్పడిన కార్యవర్గం ఒక కొత్త భాషకు ఉండవలసిన లక్షణాలను వరుస పత్రాల్లో రాసింది. వాటి పేర్లు సరదాగా ఉంటాయి: గడ్డి మనిషితో మొదలై చెక్క, తగరం, ఇనుము మీదుగా 1978లో ఉక్కు మనిషి, అంటే స్టీల్‌మన్ దగ్గర ఆగాయి. ఒక రకం విలువ దానంతటదే మరో రకంలోకి మారకూడదనీ, జెనెరిక్ నిర్వచనాలు ఉండాలనీ స్టీల్‌మన్ కోరింది. పోటీలో జాన్ ఇష్బియా బృందం రూపొందించిన 'గ్రీన్' భాష 1979లో ఎంపికైంది. అడా లవ్‌లేస్ పేరు పెట్టారు. ఆమె పుట్టిన 1815 సంవత్సరమే ప్రమాణ పత్రానికి సంఖ్య అయింది. మనం అడా 83 అని పిలిచేది 1983లో ఖరారైన రూపాన్ని.

జెనెరిక్ ప్యాకేజీని ఇటుకల అచ్చు అనుకోండి. అచ్చుతో గోడ కట్టలేం. మట్టి పోసి ఇటుక తీయాలి. మట్టి స్థానంలో మనం ఒక రకాన్ని ఇస్తాం, ఇటుక స్థానంలో ఒక మామూలు ప్యాకేజీ వస్తుంది. ఈ ఆలోచన పూర్తిగా అడాది కాదు. ఎంఐటీలో బార్బరా లిస్కోవ్ బృందం 1970లలో తయారుచేసిన సీఎల్‌యూ భాషలో ఇలాంటి సౌకర్యం అప్పటికే ఉంది. అడా చేర్చిన కట్టుబాటు ఏమిటంటే, ఒకే అచ్చులో ఒకే మట్టి పోసి రెండుసార్లు తీసినా, ఆ రెండు ప్యాకేజీల్లో ప్రకటించిన రకాలు వేర్వేరు రకాలే.

ఇప్పుడు ఆసుపత్రి ఉదాహరణ తీసుకుందాం. 'వరుస' అనే జెనెరిక్ ప్యాకేజీ నుంచి పూర్ణాంకాల వరుసను తయారుచేశారు. డాక్టరు దగ్గరి టోకెన్లకు ఒక వరుస, మందుల కౌంటరుకు ఒక వరుస కావాలి. రెండింటికీ అదే రకం వాడితే, ఒకదాని బదులు మరొకటి పంపినా కంపైలర్ పట్టుకోలేదు. రెండోసారి అచ్చు తీయవచ్చు. కానీ అప్పుడు రెండు రకాల మధ్య మార్పిడికి దారి ఉండదు, రెండు ప్యాకేజీల చర్యలను విడివిడిగా పిలవాలి. లేదా మొదటి ప్యాకేజీలోని వరుస రకం నుంచే 'మందుల వరుస'ను వ్యుత్పన్నం చేయవచ్చు. చేర్చు, తీయి అనే చర్యలు కొత్త రకానికి వారసత్వంగా వస్తాయి. అవసరమైతే మార్పిడిని మనమే స్పష్టంగా రాసుకోవచ్చు.

చాలామంది విద్యార్థులు తడబడేది ఇక్కడే. వారసత్వంగా వచ్చిన చర్యల్లో మారేది వరుస రకం మాత్రమే. లోపలి మూలకం ఇంకా పూర్ణాంకమే! కాబట్టి డాక్టరు టోకెన్ సంఖ్య మందుల వరుసలోకి నిరాటంకంగా దూరగలదు. దాన్ని ఆపాలంటే ముందు టోకెన్‌నే పూర్ణాంకం నుంచి కొత్త రకంగా తీసి, ఆ తర్వాత అచ్చులో పోయాలి. వ్యుత్పన్నం ముందా, అచ్చు ముందా అన్నది ఏ పొరపాటును ఆపాలనుకుంటున్నామో దాన్నిబట్టి తేలుతుంది. ఇంకో సంగతి: ప్యాకేజీ బయటికి కనిపించే భాగంలో ఆ రకంపై ప్రకటించిన ఉపప్రోగ్రాములే సంక్రమిస్తాయి. లోపల ఇంకో జెనెరిక్ ప్రొసీజర్ ఉంటే అది రాదు.

ఈ కట్టుదిట్టానికి మూల్యం ఉంది. అడా 83లో టోకెన్ లాంటి కొత్త పూర్ణాంక రకాన్ని దాని పేరుతోనే తెరపై అచ్చు వేయాలంటే, టెక్స్ట్_ఐఓలోని ఇంటీజర్_ఐఓ జెనెరిక్‌ను ఆ రకానికి విడిగా తీయాలి. ఒక్క సంఖ్య చూపించడానికి ఇంత తతంగమా అని విసుక్కున్నవారిని తప్పుపట్టలేం.

అంతకన్నా పెద్ద లోటు మరొకటి. వ్యుత్పన్న రకానికి కొత్త అంశాలు చేర్చే వీలు అడా 83లో లేదు, 1967 నాటి సిమ్యులాలో ఉన్నా సరే. పైగా జెనెరిక్‌కు ప్రైవేటు రకాన్ని ఇస్తే, దానిపై విలువ కేటాయింపు, సమానత్వ పరీక్ష తప్ప ఇంకేమీ లోపల తెలియదు. మిగతా చర్యలను ఒక్కొక్కటిగా పరామితులుగా అందించాలి. టకర్ టాఫ్ట్ నాయకత్వంలో రూపొందిన అడా 95 ఈ రెంటినీ సవరించింది. ట్యాగ్డ్ రకాలను పొడిగించవచ్చు. ఫలానా రకం నుంచి పుట్టినదే కావాలని జెనెరిక్ షరతు పెట్టవచ్చు; అప్పుడు ఆ మూలరకపు చర్యలన్నీ ఒకేసారి లోపలికి వస్తాయి. ఆ వచ్చిన రకాన్నే జెనెరిక్ లోపల మళ్లీ పొడిగించి బయటికి ఇవ్వవచ్చు కూడా. ప్యాకేజీ తీయడానికీ, రకాన్ని వ్యుత్పన్నం చేయడానికీ అడా 83 నుంచే వాడుతున్న 'న్యూ' అనే ఒకే మాట, ఇలాంటి ప్రోగ్రాముల్లో రెండు పనులకూ పక్కపక్క వరుసల్లోనే కనిపిస్తుంది.