దారి లెక్క అడిగినోళ్ళ చరిత్ర: గూడెం రోడ్డు నుంచి కోఠి ఫుట్‌పాత్ దాకా

ఈ పోస్టు కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

చిక్కడపల్లి లైబ్రరీలో, అశోక్‌నగర్ కోచింగుల్లో, నారాయణగూడ, కోఠి చుట్టుపక్కల హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్న మనమంతా రోజూ నడిచేది ఫుట్‌పాత్ మీద. పండక్కి ఇంటికి పోతే నడిచేది గూడేనికో తండాకో పోయే దారి మీద. తెలుగులో రెండింటికీ ఒకటే మాట ఉంది: కాలిబాట. రెండింటి పేరు మీదా ప్రభుత్వ లెక్కల్లో డబ్బు మంజూరవుతుంది. ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది, వేసిన దారిని తర్వాత ఎవరు బాగు చేయాలి అన్న ప్రశ్నలు రెండు చోట్లా ఒకటే. ఈ ప్రశ్నలు సిటీకి వచ్చి చదువుకున్నాక మనకు కొత్తగా పుట్టినవి కావు. మన తాతలు వందేళ్ళ కిందటే అడిగారు, దానికోసం ప్రాణాలు కూడా ఇచ్చారు.

గూడెం రోడ్డు

1922 మన్యం తిరుగుబాటు అనగానే అందరికీ అల్లూరి సీతారామరాజు, బాణాలు, పోలీస్ స్టేషన్లు గుర్తొస్తాయి. ఆ తిరుగుబాటు వెనుక ఒక రోడ్డు ఉందన్న సంగతి తక్కువ మంది చెప్తారు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు మీద, అడవిలో తిరగడం మీద ఆంక్షలు పెరిగాయి. దాని మీద నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు రోడ్డు పని వచ్చి పడింది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం జనాన్ని బలవంతంగా ఆ పనిలోకి దించాడు. చేసిన పనికి ఇవ్వాల్సిన కూలీ ఇవ్వలేదు. రోడ్డుకి సర్కారు డబ్బు ఇచ్చింది, రాళ్ళు కొట్టినోళ్ళ చేతికి మాత్రం అది పూర్తిగా రాలేదు. ఇవాళ్టి మాటల్లో చెప్పాలంటే అది మస్టర్ మోసం.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి జరిగింది. తర్వాతి రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడ్డారు. ఆ దళంలో ముందు నిలబడిన గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు ఆ కొండల మనుషులే. సీతారామరాజును 1924 మే 7న కాల్చి చంపారు, గంటందొర కూడా ఆ పోరాటంలోనే నేలకొరిగాడు. మల్లుదొర ఏళ్ళ తరబడి జైల్లో మగ్గాడు. స్వాతంత్ర్యం వచ్చాక జరిగిన మొదటి ఎన్నికల్లో, 1952లో, ఆయనే విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. కూలీ లెక్క తేల్చమన్నందుకు దొంగలని ముద్ర వేయించుకున్న వాళ్ళలో ఒకరు, దేశం మొత్తం బడ్జెట్‌కి ఓటు వేసే సభలో కూర్చున్నారు. ఈ ఒక్క సంగతి మన పాఠ్య పుస్తకాల్లో పెద్ద అక్షరాలతో ఉండాల్సింది.

కోఠి ఎవరి లెక్కలో ఉండేది?

ఇప్పుడు మనం ఉంటున్న చోటికి వద్దాం. కోఠిలో మహిళా కాలేజీగా అందరికీ తెలిసిన తెల్ల స్తంభాల భవనం ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెన్సీ. రెసిడెంటు జేమ్స్ కిర్క్‌ప్యాట్రిక్ కాలంలో, 1800 తర్వాత, నిజాం ఖజానా డబ్బుతో కట్టింది. దాని చుట్టూ పెరిగిన బజార్లు హైదరాబాద్ నడిబొడ్డున ఉన్నా నిజాం పాలనలో ఉండేవి కావు, పెత్తనం రెసిడెన్సీది. 1933లో అవి నిజాం ప్రభుత్వానికి తిరిగి వచ్చాయి, సుల్తాన్ బజార్ అయ్యాయి. అంటే ఈ వీధిలో పన్ను ఎవరికి కట్టాలి, దీపం ఎవరు పెట్టాలి, రోడ్డు ఎవరు ఊడ్చాలి అన్నది ఇక్కడి దుకాణదారుని కానీ, నడిచేవాణ్ణి కానీ అడగకుండానే రెండు ప్రభుత్వాలు తేల్చుకున్నాయి.

హైదరాబాద్‌లో మున్సిపల్ వ్యవస్థ 1869లో మొదటి సాలార్‌జంగ్ కాలంలో మొదలైంది. 1908 మూసీ వరద తర్వాత సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చి రోడ్లు వెడల్పు చేసింది, కొత్త ఇళ్ళు కట్టింది. మంచి పనులే. కానీ అవన్నీ పైనుంచి వచ్చినవి. అదే రాజ్యంలో, ఆదిలాబాద్ అడవుల్లో గోండులు, కొలాములు పశువుల మేతకీ వంటచెరకుకీ పన్ను కట్టాల్సి వచ్చేది. ఆ డబ్బుతో ఏం చేస్తున్నారని అడిగే హక్కు వాళ్ళకి లేదు. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం చనిపోయింది ఆ రాజ్యంలోనే.

ఊరికి సభ ఉంది, పట్నానికి లేదు

1993లో రెండు రాజ్యాంగ సవరణలు అమల్లోకి వచ్చాయి. 73వ సవరణ పల్లెలకి, 74వ సవరణ పట్టణాలకి. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే ఒక తేడా కనిపిస్తుంది. పల్లెలో గ్రామసభ అంటే ఓటరు లిస్టులో ఉన్న ప్రతి ఒక్కరూ సభ్యులే. మన అవ్వ కూడా సభ్యురాలే. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాలకి చెప్పింది మాత్రం వార్డు కమిటీలు. అంటే అందరూ కూర్చునే సభ కాదు, కొద్దిమంది ఉండే కమిటీ.

1996 డిసెంబరులో వచ్చిన పీసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకి ఇంకా బలం ఇచ్చింది. ఊళ్ళో పనులు మొదలుపెట్టే ముందు ప్రణాళికని గ్రామసభ ఆమోదించాలి. డబ్బు సరిగ్గా ఖర్చయిందని ధ్రువీకరణ పత్రం పంచాయతీ తీసుకోవాల్సింది కూడా గ్రామసభ దగ్గరే. ఆంధ్రప్రదేశ్‌లో దీనికి నియమాలు రావడానికి 2011 దాకా పట్టింది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) ఇంకో మెట్టు ఎక్కింది. రోడ్డు, బడి, అంగన్‌వాడీ లాంటి 13 రకాల సదుపాయాలకి ఒక హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు, హెక్టారుకి 75 చెట్లకి మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. అడవిలో దారి వేయాలంటే మన మాట కావాలని చట్టమే రాసింది.

సిటీలో ఏమైంది? 2007 ఏప్రిల్ 16న 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు పాత కార్పొరేషన్‌లో కలిసి జీహెచ్ఎంసీ ఏర్పడింది. ఆ ఎనిమిది పంచాయతీల జనానికి నిన్నటిదాకా గ్రామసభ ఉంది, ఆ రోజు నుంచి లేదు. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. 2020 అక్టోబరులో జీహెచ్ఎంసీ చట్టాన్ని సవరించి ప్రతి వార్డుకీ యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు అన్నారు. బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి అన్నారు. 2025-26 జీహెచ్ఎంసీ బడ్జెట్ 8,440 కోట్లు. అది కమిషనర్ దగ్గర తయారై, స్టాండింగ్ కమిటీకి పోయి, కౌన్సిల్‌లో ఆమోదం పొందింది. ఆ దారిలో ఎక్కడా వార్డు జనమంతా కూర్చుని మాట్లాడే సభ లేదు.

సుల్తాన్ బజార్ వ్యాపారులు మెట్రో తమ బజారు మీదుగా వద్దని ఏళ్ళపాటు మొత్తుకున్నారు. చివరికి లైను అటే వచ్చింది, 2020 ఫిబ్రవరి 7న మొదలైంది. చిక్కడపల్లి, నారాయణగూడ స్టేషన్లు ఎక్కి దిగే మనకి అది లాభమే. కానీ ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని అందరినీ కూర్చోబెట్టి మాట్లాడటానికి చట్టంలో ఒక చోటు లేకపోవడం మాత్రం లోపమే.

సిటీకి వచ్చి నాగరికత నేర్చుకోండి అని మనకి చెప్పేవాళ్ళు చాలామంది. ఈ ఒక్క విషయంలో పట్నమే గూడెం దగ్గర నేర్చుకోవాలి.

కాగితం మీద సభ, నిజంగా సభ

అలాగని మన దగ్గర అంతా బాగుందని కాదు. తీర్మానం పుస్తకం ఇంటింటికీ తిప్పి సంతకాలు తీసుకోవడం మనందరం ఎరిగిందే. చట్టం ఉన్నంత మాత్రాన లెక్క బయటికి రాదు, నలుగురి ముందు చదివితేనే వస్తుంది.

దీన్ని చేసి చూపించింది రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్. 1994 నుంచి జన్ సున్‌వాయీ పేరుతో ఊళ్ళో టెంటు వేసి, మస్టర్ రోల్ గట్టిగా చదివేవాళ్ళు. చనిపోయినోళ్ళ పేర్లు, పని చేయనోళ్ళ పేర్లు బయటపడేవి. ఆ ఉద్యమమే 2005 సమాచార హక్కు చట్టానికి పునాది. అదే ఏడాది వచ్చిన ఉపాధి హామీ చట్టం సామాజిక తనిఖీ చేయాలంది. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ తనిఖీని పెద్ద ఎత్తున చేపట్టి, 2009లో దానికోసం ప్రత్యేక సొసైటీ పెట్టింది. ఊళ్ళో చదువుకున్న పిల్లలే ఇంటింటికీ తిరిగి రికార్డుతో పోల్చి, మండలంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందు చదివారు. బాస్టియన్ కాలంలో ఇలాంటి వేదిక ఒక్కటుంటే చరిత్ర ఎలా ఉండేదో ఆలోచించండి.

బయటి దేశాల్లో బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె నగరం 1989 నుంచి బస్తీల వారీగా సభలు పెట్టి, ఏ పని ముందు చేయాలో జనాన్నే అడిగింది. 1996లో కేరళ జనకీయ ప్రణాళిక పేరుతో అలాంటిదే చేసింది. కాబట్టి సిటీలో ఇది సాధ్యం కాదు అనేది సాకు మాత్రమే.

దారి వేశాక ఎవరిది బాధ్యత?

2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మనకి పనికొచ్చే రెండు సంగతులున్నాయి. ఒకటి, మైదానంలో 500 జనాభా లెక్క అయితే గిరిజన ప్రాంతాల్లో 250 ఉన్నా చాలు. రెండు, రోడ్డు వేసిన కాంట్రాక్టరే ఐదేళ్ళు నిర్వహణ చూడాలి, వివరాలతో రోడ్డు పక్కన బోర్డు పెట్టాలి. వాన పడి రోడ్డు కొట్టుకుపోతే, గర్భిణిని డోలీలో మోసుకుపోవాల్సి వస్తే, అది మన తలరాత అనుకోవద్దు. ఆ బోర్డు మీద తేదీ చూడండి. ఐదేళ్ళు నిండలేదంటే అడగాల్సిన మనిషి ఉన్నాడు.

ఫుట్‌పాత్‌కీ ఇప్పుడు అలాంటి ఆధారం ఉంది. నడవడానికి అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ ఆర్టికల్ 21 కింద హక్కు అని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. అయితే ఆ పేరు చెప్పి కోఠిలో మనకి పాత పుస్తకాలు అమ్మే అన్నల్ని తరిమేయడం న్యాయం కాదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి. అక్కడా సూత్రం అదే, ఎవరి బతుకు గురించి నిర్ణయమో వాళ్ళు ఆ గదిలో ఉండాలి.

ఇంకోటి మర్చిపోవద్దు. గిరిజన ఉప ప్రణాళిక 1974లో మొదలైంది. ఆ డబ్బు దారి మళ్ళుతోందని దళిత, ఆదివాసీ సంఘాలు ఏళ్ళ తరబడి కొట్లాడితే 2013లో ఉమ్మడి రాష్ట్రంలో చట్టం వచ్చింది, 2017లో తెలంగాణ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. ఢిల్లీలో 2010 కామన్వెల్త్ క్రీడల పనులకు ఎస్సీల కోసం కేటాయించిన నిధులు వాడిన సంగతి పార్లమెంటులోనే బయటపడింది. పట్నం మెరిసేటప్పుడు ఆ మెరుపు ఎవరి పద్దులోంచి వచ్చిందో చూడాల్సింది మనమే.

మనం చేయగలిగింది

పెద్ద ఉద్యమం అక్కర్లేదు. సెలవులకి పోయినప్పుడు మన ఊరి రోడ్డు బోర్డు ఫోటో తీసి, తేదీ, మొత్తం రాసి పెడదాం. బోర్డు లేకపోతే లేదని రాద్దాం. సమాచార హక్కు దరఖాస్తుకి ఫీజు ఊరి స్థాయిలో లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. తెల్ల రేషన్ కార్డు జత చేస్తే అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. సిటీలో ఓటు నమోదు చేసుకున్నవాళ్ళు వార్డు యువత కమిటీలో ఎవరున్నారు, ఎన్నిసార్లు కూర్చున్నారు అని అదే చట్టం కింద అడగొచ్చు. దరఖాస్తు రాయడం రానివాళ్ళు గ్రూపులో చెప్పండి, ఆదివారం కూర్చుని కలిసి రాద్దాం.

గంటందొర, మల్లుదొరల కాలంలో కూలీ లెక్క అడిగితే తుపాకీ జవాబు చెప్పింది. ఇప్పుడు మనకి కాగితం, కలం, ఒక పది రూపాయల స్టాంపు ఉన్నాయి. వాటిని బీరువాలో పెట్టుకోవద్దు.