గెలాక్సీ అంచు ఎక్కడ? వెలుగు కొలిచిన వాళ్ళ కథ

మీ ఫోన్‌లో ఒక గెలాక్సీ ఫోటో ఓపెన్ చేయండి. ఆండ్రోమెడా అయినా సరే. నడిమధ్య తెల్లగా ఉంటుంది, పక్కలకి పోయేకొద్దీ మసకబారిపోతుంది. ఇప్పుడు దాని అంచు ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి. పెట్టారా? సరే, ఎడిట్‌లోకి వెళ్ళి బ్రైట్‌నెస్ ఫుల్‌గా లాగండి. ఇంతకుముందు కనపడని మసక వెలుగు కొంచెం బయటపడుతుంది, మీరు చూపించిన అంచు బయటికి జరుగుతుంది.

ఈ రోజు మన కథంతా ఆ అంచు గురించే. గెలాక్సీ ఎంత వెలుగుతోందో చెప్పాలంటే అది ఎక్కడిదాకా ఉందో ముందు తేలాలి. ఆ వెలుగు లెక్క తెలిస్తేనే అందులో ఎన్ని నక్షత్రాలున్నాయి, విశ్వంలో మామూలు పదార్థం ఎంతుంది అనే అంచనాలు నిలబడతాయి. పునాది రాయి లాంటిదన్నమాట.

కొలమానం సంగతి త్వరగా చెప్పేస్తాను. నక్షత్రాల వెలుగుని 1వ తరగతి, 2వ తరగతి అని విడదీయడం గ్రీకుల కాలం నుంచి ఉంది. దాన్ని పక్కా లెక్కలో పెట్టింది నార్మన్ పాగ్సన్ అనే ఇంగ్లీష్ ఖగోళవేత్త, 1856లో. 5 మెట్లు దిగితే వెలుగు 100 రెట్లు తగ్గాలి, అంటే ఒక్కో మెట్టుకి సుమారు 2.5 రెట్లు. ఈ మెట్టునే మ్యాగ్నిట్యూడ్ అంటారు. నెంబర్ పెరిగితే వెలుగు తగ్గుతుంది, ఇది గుర్తుపెట్టుకోండి. ఈ పాగ్సన్ 1861లో మన మద్రాస్ అబ్జర్వేటరీకి వచ్చి, 1891లో చనిపోయేదాకా అక్కడే పని చేశాడు. అప్పట్లో కోస్తా, రాయలసీమ కూడా మద్రాస్ ప్రెసిడెన్సీలోవే కదా. ఈ రోజు హబుల్ టెలిస్కోప్ వాడుతున్నది కూడా ఆయన మెట్లనే.

నక్షత్రానికి ఈ మెట్లు సరిపోయాయి, ఎందుకంటే అది ఒక చుక్క. హైదరాబాద్‌లో నిజామియా అబ్జర్వేటరీ వాళ్ళు కూడా గాజు ప్లేట్ల మీద ఫోటోలు తీసి లక్షల నక్షత్రాల చోటు, వెలుగు కొలిచి పుస్తకాలు వేశారు. గెలాక్సీ చుక్క కాదు, పొగ లాంటిది. పొగకి గీత ఎక్కడ గీస్తారు?

ఇక్కడ ఎంటరయ్యాడు ఫ్రిట్జ్ జ్విక్కీ. అమెరికాలో పాలోమార్ కొండ మీద పనిచేసిన స్విస్ మనిషి, మహా కోపిష్టి అని పేరు. ఆయన ఒక ట్రిక్ వేశాడు. ఫోటో తీస్తున్నప్పుడే ప్లేటుని కొంచెం కొంచెం కదిపితే చుక్క లాంటి నక్షత్రం, చిన్న గెలాక్సీ రెండూ చిన్న చతురస్రాల్లా పడతాయి. అప్పుడు కంటితో చూసి ఏది ఎంత నల్లగా ఉందో పోల్చడమే (ప్లేటు నెగటివ్ కాబట్టి వెలుగు నల్లగా కనపడుతుంది). ఇలా 1961 నుంచి 1968 మధ్య ఆయన, ఆయన టీమ్ ఆరు సంపుటాలు తెచ్చారు. సుమారు 30 వేల గెలాక్సీలు. కంప్యూటర్ లేదు, కళ్ళతోనే.

అందులో ఒక్కో గెలాక్సీకి సుమారు 0.3 మ్యాగ్నిట్యూడ్ అటూఇటూ తేడా ఉండేది. చిన్నదనిపిస్తుంది గానీ, వెలుగులో అది 30 శాతం. కిలో బియ్యానికి 300 గ్రాములు తేడా వస్తే కొట్టువాడితో గొడవ పడమా? అయినా 1986లో హార్వర్డ్-స్మిత్సోనియన్ సెంటర్ వాళ్ళు ఆ జాబితా పట్టుకునే 1,100 దాకా గెలాక్సీల దూరాలు కొలిచి మ్యాప్ వేస్తే, గెలాక్సీలు సబ్బు నురగలో బుడగల గోడల మీద అతుక్కున్నట్టు కనపడ్డాయి. విశ్వం రూపమే మారిపోయింది. తప్పుల తడక అని ఆ జాబితాని అప్పుడే పక్కన పడేసి ఉంటే ఆ మ్యాప్ అంత త్వరగా వచ్చేది కాదని నా నమ్మకం.

అసలు ట్విస్ట్ మాత్రం వేరే చోట ఉంది. 1976లో మైక్ డిస్నీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఒక ఇబ్బందికరమైన మాట అన్నాడు. ఎంత చీకటి రాత్రయినా ఆకాశానికి సొంతంగా కొంచెం వెలుగు ఉంటుంది. దానికన్నా బాగా మసకగా ఉన్న గెలాక్సీలు మనకి దొరకవు, కాబట్టి జాబితాలో చేరవు. జాబితాలో లేవు కాబట్టి అలాంటివి లేనే లేవనుకుంటాం. ఆయన మాట చాలామందికి రుచించలేదు. పదేళ్ళు తిరిగాయి. ప్లేట్లలో దాగున్న మసక వెలుగుని బయటికి లాగే పద్ధతి కనిపెట్టిన డేవిడ్ మాలిన్ పేరు మీద, మాలిన్ 1 అనే గెలాక్సీ బయటపడింది. మామూలు ఫోటోలో చిన్నాచితకా గెలాక్సీలా ఉంది. కానీ దాని చుట్టూ మన పాలపుంతకి కొన్ని రెట్లు పెద్దదైన మసక పళ్ళెం! అప్పటిదాకా మనం చూసింది నడిమధ్య బొట్టు మాత్రమే.

తర్వాత డిజిటల్ కెమెరాలొచ్చాయి. 2000లో మొదలైన స్లోన్ సర్వే గురించి వినే ఉంటారు. న్యూ మెక్సికోలో 2.5 మీటర్ల అద్దం. టెలిస్కోప్ కింద ఆకాశం జారుతుంటే స్కానర్‌లో కాగితం పోయినట్టు ఐదు రంగుల ఫిల్టర్లలో రికార్డ్ చేసుకుంటూ పోయింది. ఆకాశంలో మూడో వంతుకి పైగా కవర్ చేసింది. ఫోటో ప్లేటు తన మీద పడ్డ వెలుగులో నూటికి ఒకటి రెండు వంతులే పట్టుకుంటే, ఈ సెన్సర్లు చాలావరకు పట్టేస్తాయి. పైగా రెట్టింపు వెలుగు పడితే రెట్టింపు నెంబరే చూపిస్తాయి. ప్లేటుకి ఆ నిజాయితీ లేదు.

మరి అంచు? స్లోన్ వాళ్ళు ఒక రూల్ పెట్టుకున్నారు. మధ్య నుంచి బయటికి పోతూ, ఒక దూరంలో ఉన్న వెలుగు లోపలి సగటుతో పోలిస్తే ఐదో వంతుకి పడిపోతే, ఆ దూరానికి రెట్టింపు దాకా లెక్కపెట్టి ఆపేయడం. గెలాక్సీ దగ్గరున్నా దూరంగా ఉన్నా ఒకే న్యాయం. మంచి రూలే. పళ్ళెంలా ఉండే గెలాక్సీల వెలుగు దాదాపు మొత్తం దొరుకుతుంది. గుడ్డు ఆకారంలో ఉండే పెద్ద గెలాక్సీలకి మాత్రం 80 శాతమే దొరుకుతుంది, ఎందుకంటే వాటి మసక చాలా దూరం సాగుతుంది. ఇది చాలదన్నట్టు సాఫ్ట్‌వేర్ ఆ మసకని కూడా ఆకాశం వెలుగే అనుకుని తీసేసేది! 2013లో మారియాంజెలా బెర్నార్డి టీమ్ మళ్ళీ లెక్కేసి చూస్తే, విశ్వంలో అతి పెద్ద గెలాక్సీలు మనం అనుకున్నదానికన్నా ఎక్కువ వెలుగుతున్నాయని తేలింది. లెక్కలో పోయింది ఎవరి వెలుగో చూశారా? అందరికన్నా పెద్దవాళ్ళది.

ఇప్పుడు చిలీలో వెరా రూబిన్ అబ్జర్వేటరీ మొదలైంది. 8.4 మీటర్ల అద్దం, 3,200 మెగాపిక్సెల్ కెమెరా. మీ ఫోన్‌ది 50 ఉంటుందేమో. 2025 జూన్‌లో మొదటి ఫోటోలు వదిలారు. M61 అనే గెలాక్సీని వందల ఏళ్ళుగా చూస్తున్నారు, అయినా ఆ ఫోటోల్లో దాని పక్కన సన్నగా సాగిన నక్షత్రాల తోక ఒకటి కొత్తగా దొరికింది. ఇప్పుడు ఆ తోకని M61 వెలుగులో కలపాలా, వద్దా? మీరైతే గీత ఎక్కడ గీస్తారో కామెంట్లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.