టీనేజరు - పెద్దమనిషి

అమలాపురములోను, రాజోలులోను, కొత్తపేటలోను నేడు తల్లిదండ్రుల నోట 'టీనేజరు' అను మాట తఱచుగా వినవచ్చుచున్నది. దాని పుట్టుక అంకెలలో నున్నది. ఆంగ్లమున 13 మొదలు 19 వరకు గల సంఖ్యాపదముల చివర 'టీన్' అని వచ్చును; అది 'పది'కి రూపాంతరము. ఆ వయస్సును 'టీన్స్' అనుట 17వ శతాబ్దినుండి యున్నది. ఆ వయస్సు మనిషికి 'టీనేజరు' అను పేరు మాత్రము 1940ల అమెరికాలోగాని బాగుగా వ్యాపించలేదు. బడి విడువక, చేతిలో కొంత సొమ్ము ఆడుచున్న పిల్లలు వర్తకుల కంటబడిన కాలమది.

మన లెక్కలో పది చివర గాక ముందు నిలుచును. తెలుగు అంకెలనుండి ఇట్టి మాట పుట్టియుండినచో పదకొండేండ్లవాడును అందు చేరియుండెడివాడు! మనవారు అంకెలను విడిచి పసులను చూచిరి. కోడెదూడనుండి కోడెకాడు వచ్చినాడు. సంస్కృతమున కిశోరమనగా గుఱ్ఱపుపిల్ల. ఆంగ్లేయుల 'కిడ్' మేకపిల్లయే.

కోడెకాడు, కుఱ్ఱకారు అన్నప్పుడు మనకు తోచునది మగపిల్లలే. ఆడపిల్ల రజస్వల యైన దినమున 'పెద్దమనిషి అయినది' అందుము. నిన్న పిల్ల, నేడు పెద్దమనిషి. నడుమ నిలువ చోటు లేదు. కోనసీమ అగ్రహారములలో ఆ దినమునకు ముందే పెండ్లి కావలెనను కట్టడి యుండెడిది. ఎగువన రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11న వీరేశలింగముగారు జరిపించిన తొలి వితంతు వివాహమున వధువు బాలవితంతువు. ఆమె స్థితికి మన భాషలో పేరున్నది. ఆమె వయస్సునకు లేదు.

ఆ వయస్సును ఆడపిల్లకు సంపాదించిపెట్టినది నిఘంటువు కాదు, చట్టము. 1929 నాటి శారదా చట్టము వధువునకు 14 ఏండ్లు నిండవలెననెను. 1949లో అది 15, 1978లో 18 అయినది. 1930 ఏప్రిల్ 1న ఆ చట్టము అమలులోనికి వచ్చినను, గౌతమి దాటినచో ఫ్రెంచివారి యానాము. బ్రిటిషు చట్టమచ్చట చెల్లదు. పసిపిల్లలను పల్లకీలతో, మేళతాళములతో అచ్చటికి గొనిపోయి పెండ్లిండ్లు చేసిరి. యానామునకు కల్యాణపురమను పేరు వచ్చినది ఇందువలననే. ఎంత చక్కని పేరు, ఎంత చేదు కారణము!

నేడు మన పాఠ్యగ్రంథములు ఈ వయస్సును కౌమారమనుచున్నవి. 10 మొదలు 19 ఏండ్ల వరకని లెక్క. పూర్వుల విభాగమున కౌమారము ఐదేండ్లకే ముగియును. కాని ఇంటిలో 'మా అమ్మాయి కౌమారములో నున్నది' అని ఎవ్వరందురు? టీనేజరనియే అందురు.