కదలని కాలిని కదిలించిన సిస్టర్ కెన్నీ

రెండేళ్ళ క్రితం మా అమ్మగారికి పక్షవాతం వచ్చింది. ఇక్కడినుంచి ఫోనులో మా అన్నయ్యకు చెప్పాను: "అమ్మ చెయ్యి అలా పక్కమీద వదిలెయ్యకండి. మోచేతి కింద ఒక చెయ్యి, మణికట్టు దగ్గర ఒక చెయ్యి పెట్టి నెమ్మదిగా ఎత్తి దించండి. లాగొద్దు." అన్నయ్యకు నచ్చలేదు. "జబ్బు మనిషిని కదిలించడమేమిట్రా, విశ్రాంతి కావాలి గానీ!" అన్నాడు.

ఆ మాటకు నాకు కోపం రాలేదు. మా వైద్యులు కూడా చాలాకాలం అదే మాట అన్నారు మరి!

రోగి ప్రయత్నం లేకుండా మరొకరు కీళ్ళను కదిలించడాన్ని పాసివ్ రేంజ్ ఆఫ్ మోషన్ అంటాం. కదలని కీలు చుట్టూ ఉన్న పొర, కండరం కుంచించుకుపోయి, కొన్ని వారాల్లోనే బిగుసుకుంటాయి. నరం తరువాత కోలుకున్నా అప్పటికి కీలు వంగదు. ఇది ఇప్పుడు అందరికీ తెలిసిన సంగతే. 1930లలో పోలియో వచ్చిన పిల్లల విషయంలో మాత్రం పద్ధతి వేరు. బలంగా ఉన్న కండరం బలహీనమైనదాన్ని లాగి కాలు వంకరపోతుందనే భయంతో, బద్దలు కట్టి, పిండికట్లు వేసి నెలల తరబడి కదలనిచ్చేవారు కాదు.

దీన్ని ఎదిరించినది ఎలిజబెత్ కెన్నీ. 1880లో పుట్టిన ఆస్ట్రేలియా వనిత. నర్సింగు పట్టా లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనిక నర్సుగా పనిచేయడంవల్ల వచ్చినదే "సిస్టర్" అన్న హోదా; సన్యాసిని కాదు. ఉన్ని కంబళి ముక్కలను వేడినీళ్ళలో ముంచి, పిండి, కాళ్ళకు చుట్టేది. నొప్పి తగ్గాక కీళ్ళను తన చేతులతో మెల్లగా కదిలించేది. క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం నియమించిన వైద్యుల కమిషన్ 1938లో ఆమె పద్ధతిని తీవ్రంగా ఖండించింది.

1940లో ఆమె అమెరికా వచ్చింది. మినియాపొలిస్ వైద్యులు కొందరు ఆమె మాట వినడం కన్న ఆమె చేతులను గమనించారు. అదే మంచిదయింది. ఎందుకంటే ఆమె సిద్ధాంతం సరైనది కాదు. వెన్నుపాములోని నాడీకణాలు చచ్చిపోవడమే పోలియోలో పక్షవాతానికి కారణం; ఆమె మాత్రం కండరాల బిగుసుదనమే అసలు జబ్బు అని వాదించింది. వాదనలో మహా మొండి మనిషి, గొప్పలూ ఎక్కువే. అయినా 1942 డిసెంబరులో అక్కడ ఆమె పేరున సంస్థ వెలిసింది, పిండికట్లు క్రమంగా పోయాయి. 1952లో ఆమె కన్నుమూసింది. 1955లో సాల్క్ టీకా వచ్చింది.

మన ఇంజనీరు మిత్రుల కోసం మరొక ముక్క. 1970 నుంచి టొరాంటోలో డాక్టర్ రాబర్ట్ సాల్టర్ కుందేళ్ళ మీద ప్రయోగాలు చేసి, ఆపకుండా కదిలించిన కీలులో మృదులాస్థి మెరుగ్గా మానుతుందని చూపాడు. జాన్ సారింజర్ అనే ఇంజనీరుతో కలిసి, మనుషులకు ఆ పని చేసిపెట్టే యంత్రాన్ని తయారుచేయించాడు.

మా ఊళ్ళో యంత్రం లేదు, వదిన ఉంది. ఫిజియోథెరపిస్టు వచ్చి నేర్పిన తరువాత రోజుకు రెండుసార్లు తనే చేస్తోంది. అమ్మ చేతికి బలం పెద్దగా రాలేదు. కానీ గుప్పిట బిగుసుకోలేదు. గోళ్ళు తీయడానికీ, జాకెట్టు తొడగడానికీ ఇబ్బంది లేదట. మొన్న అన్నయ్యే ఫోనులో చెప్పాడు.