సరస్సు అవతలి మాత గుడి – పళవేర్కాడు చరిత్ర



ఈ మధ్య మనలో కొందరు విశ్వాసులు ఒక ప్రశ్న అడుగుతున్నారు. పళవేర్కాడు మాత పండుగకు వెళ్ళివచ్చే ఆర్.సి.ఎం. బంధువులతో మనకు సహవాసం ఉండవచ్చా, వాళ్ళ ఇంట కూర్చుని భోజనం చేయవచ్చా అని. దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ ఊరి చరిత్ర తెలుసుకుంటే ఈ ప్రశ్నను అడిగే తీరే మారిపోతుందని మాకు తోస్తున్నది. అందుకే ఇది రాస్తున్నాము.

మన ప్రాంతపు సంఘ చరిత్ర చెప్పమంటే మనమందరం నెల్లూరు దగ్గర మొదలుపెడతాం. 1840లో శామ్యూల్ డే దొరగారు నెల్లూరులో బాప్టిస్టు మిషన్ పని ఆరంభించారు. 1865లో జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ మిషన్ తరఫున మిలియస్ దొరగారు సూళ్ళూరుపేట, నాయుడుపేట ప్రాంతానికి వచ్చారు. అంతకు ముందు ఈ తీరంలో క్రీస్తు పేరే ఎవరూ వినలేదన్నట్టు మాట్లాడుకుంటాం. అయితే మన తడ ఒడ్డున ఉన్న ఈ పులికాట్ సరస్సుకే దక్షిణపు కొసన, నీళ్ళు సముద్రంలో కలిసే చోట, 1515లోనే క్రైస్తవ దేవాలయం కట్టారు. అంటే సూళ్ళూరుపేటలో మిలియస్ గారు అడుగుపెట్టడానికి 350 ఏళ్ళ ముందు.

ఆ ఊరే పళవేర్కాడు. ఇంగ్లీషువారి నోట పులికాట్ అయింది. మన పెద్దలు సరస్సును ప్రళయకావేరి అనేవారు. ఇప్పుడు అది తమిళనాడులోని తిరువళ్ళూరు జిల్లాలో ఉన్నది గాని, ఆ రోజుల్లో ఈ రాష్ట్రాల గీతలు లేవు. విజయనగర రాజ్యానికి తూర్పు తీరాన అది ముఖ్యమైన రేవు. 1511లో పోర్చుగీసువారు మలక్కా పట్టణాన్ని పట్టుకున్నాక వారికి మన తీరపు నూలుబట్ట కావలసివచ్చింది. ఆ బట్ట ఇస్తేనే అక్కడ లవంగాలు, జాజికాయ దొరికేవి. అలా వ్యాపారం కోసం వచ్చి దిగినవారు ఇక్కడ గుడి కట్టుకున్నారు. దానినే నేడు మహిమ మాత దేవాలయం అంటున్నారు. మద్రాసు–మైలాపూరు అగ్రపీఠం పరిధిలో అన్నిటికంటే పాతదిగా దానికి పేరు. మలేసియాలో మగవారు కట్టుకునే లుంగీని ఇప్పటికీ "కైన్ పెలికాట్" అంటారట, అంటే పులికాట్ బట్ట. మన సరస్సు పేరు అంత దూరం పోయింది!

ఇంకొక సంగతి ఉన్నది. 1517లో మలక్కా నుండి తిరిగివస్తున్న దియోగో ఫెర్నాండెస్ అనే పోర్చుగీసువాడు, తనవారితో కలిసి పళవేర్కాడులో దిగాడు. ఓడలో తమతో వచ్చిన ఒక ఆర్మేనియా వర్తకుడు, అపొస్తలుడైన తోమా సమాధి ఉన్న చోటు చూపిస్తాను రండని వారిని మైలాపూరుకు తీసుకుపోయాడు. శాంతోం యాత్రకు పోర్చుగీసువారి దారి అలా తెరుచుకున్నది. తోమా గారు అక్కడ హతసాక్షి అయ్యారా లేదా అన్నది వేరే చర్చ. దారి మొదలైంది మాత్రం మన సరస్సు ఒడ్డునే.

ఇక మనవారి సంగతికి వద్దాం. మనవారు అంటే ప్రొటెస్టెంట్లు.

ఈ సరస్సు దగ్గరకు వచ్చిన మొదటి ప్రొటెస్టెంట్లు మిషనెరీలు కారు, డచ్చి కంపెనీవారు. 1610లో రాజైన వేంకటపతిరాయల అనుమతి పొంది పళవేర్కాడులో వ్యాపారం పెట్టారు. 1612లో శాంతోం పోర్చుగీసువారు వచ్చి వారి గిడ్డంగిని ధ్వంసం చేశారు. మరుసటి ఏడు డచ్చివారు కోట లేపి, తమ దేశంలోని గెల్డర్‌లాండ్ పేరు మీద గెల్డ్రియా అని పేరు పెట్టారు. 1690లో నాగపట్నానికి మారేవరకు కోరమాండల్ తీరమంతటికీ వారి ముఖ్య పట్టణం అదే. బట్టల వ్యాపారంతో పాటు తుపాకి మందు కూడా అక్కడే తయారు చేయించేవారు.

మనుషులను కూడా అమ్మారు. ఈ మాట రాయడం మాకు సులువుగా లేదు. 1614లో వేంకటపతిరాయలు చనిపోయాక వారసత్వం కోసం పెద్ద యుద్ధం జరిగింది, ఆ వెనుకనే కరువులు వచ్చాయి. తిండి లేక తల్లిదండ్రులు పిల్లలను అమ్ముకున్నారు, యుద్ధంలో చిక్కినవారిని సిపాయిలు అమ్మారు. దళారులు అలాంటివారిని పళవేర్కాడు రేవుకు తోలుకువస్తే కంపెనీవారు కొని బటావియాకు, అంటే నేటి జకార్తాకు, ఓడల్లో ఎక్కించారు. అలా పోయినవారు వేలల్లో ఉన్నారు. వారిలో తెలుగు మాట్లాడేవారు, ఈ ఒడ్డున వలలు వేసినవారు ఎందరో ఉండి ఉంటారు. పోర్చుగీసువారు కూడా ఇదే వ్యాపారం చేశారు, వారి చేతులు శుభ్రమని ఎవరూ అనలేరు. కాని ఆదివారం కోటలో ప్రసంగం విని సోమవారం మనుషులను లెక్కపెట్టి ఓడ ఎక్కించినవారు విగ్రహాలు లేని, మాతకు మొక్కని, మనలాంటి ఆరాధన చేసినవారు. 1637లో వారి ప్రభుత్వమే ఖర్చు పెట్టి డచ్చి భాషలో బైబిలు అచ్చు వేయించింది. ఆ బైబిలులో ఆమోసు మొదటి అధ్యాయం ఉన్నది: జనులను చెరపట్టి అప్పగించినందుకు గాజా మీద, తూరు మీద దేవుని తీర్పు. 1 తిమోతి 1:10 ఉన్నది, అక్కడ పౌలు మనుష్యులను ఎత్తుకుపోయేవారిని ఏ వరుసలో చేర్చాడో చూడండి. ప్రకటన 18:13 ఉన్నది, బబులోను సరకుల పట్టీలో చివరన ఏమి రాశాడో మీరే తెరిచి చదవండి.

అదే కోట సంఘానికి అబ్రహాం రోజేరియస్ అనే పాస్టరు గారు 1632 నుండి 1642 వరకు కాపరిగా ఉన్నారు. ఆయన పోర్చుగీసు భాష నేర్చుకున్నారు, ఎందుకంటే రేవులో అందరికీ అర్థమయ్యేది అదే. పద్మనాభుడు అనే బ్రాహ్మణునితో ఆ భాషలోనే మాట్లాడి, ఇక్కడివారి నమ్మకాలు, ఆచారాలు, పండుగలు ఓపికగా రాసుకున్నారు. ఏనుగు లక్ష్మణకవి పద్యాల ద్వారా మనకు తెలిసిన భర్తృహరి సుభాషితాలను ఆయన డచ్చిలోకి తెచ్చారు. ఒక సంస్కృత గ్రంథం ఐరోపా భాషలోకి వెళ్ళడం అదే మొదలు. ఆయన 1649లో చనిపోయాక, 1651లో భార్య ఆ పుస్తకం అచ్చు వేయించింది. పొరుగువాని నమ్మకాన్ని తిట్టక ముందు విని తెలుసుకోవాలని ఆయనకు తోచింది. ఇంత పాతకాలపు పాస్టరుకు తోచినది మనకు తోచకపోతే ఎలా?

1825లో పళవేర్కాడు ఇంగ్లీషువారి చేతికి పోయింది. గెల్డ్రియా కోట ఉన్నచోట ఇప్పుడు కందకం, పొదలు. డచ్చివారి సమాధుల తోట మాత్రం పురావస్తు శాఖ కాపలాలో ఉన్నది. దాని ద్వారం దగ్గర రాతిలో చెక్కిన ఎముకల గూళ్ళ బొమ్మలు, లోపల పెద్దపెద్ద నల్లరాతి పలకల మీద దొరల పేర్లు, వంశపు గుర్తులు. ఓడ ఎక్కించినవారికి ఒక్క రాయి లేదు. ఊళ్ళో మరక్కాయర్ల పాత మసీదు, అందులో నీడను బట్టి వేళ చెప్పే గడియారం, ఆదినారాయణ పెరుమాళ్ గుడి కూడా చూడదగినవి. మహిమ మాత దేవాలయపు పాత కట్టడం ఇప్పుడు లేదు, కొత్తది కట్టారు. రాళ్ళు మారినా అక్కడ మోకరించేది మాత్రం చేపలు పట్టి బ్రతికే జనమే.

మరియమ్మకు మొక్కే విషయంలో మన బోధ మీకు తెలుసు, అది మారలేదు. మధ్యవర్తి ఒక్కడే. అయితే బంధువుల ఇంట భోజనం సంగతి: వెళ్ళండి, కూర్చోండి, తినండి. వాళ్ళ ముత్తాతలు సిలువ గుర్తు వేసుకునే నాటికి మన ముత్తాతలకు యేసు పేరు తెలియదు. మన తరఫు దొరలు ఈ రేవులో ఏం చేశారో తెలిశాక, ఆ బల్ల దగ్గర గొంతు కొంచెం తగ్గించి మాట్లాడదాం.

యౌవనస్థులు చూడాలనుకుంటే, ఆరంబాక్కం, గుమ్మిడిపూండి, పొన్నేరి మీదుగా దారి ఉన్నది. ముందు సమాధుల తోటకు వెళ్ళండి, తరువాత గుడికి. ఆరాధన జరుగుతుంటే ఫోన్లు తీయకుండా వెనుక నిలబడండి.