ఊరి పేరు, నెగటివ్ నంబరు

ఫ్రాన్సిస్ ఫ్రిత్ కంపెనీ వేసిన పాత పోస్టుకార్డు చేతికి తీసుకుంటే, బొమ్మ అడుగున ఓ మూల చిన్న అక్షరాల్లో ఊరి పేరు, వీధి పేరు, పక్కనే ఒక అంకె కనిపిస్తాయి. అయిపోయిన కార్డులు దుకాణదారు మళ్ళీ తెప్పించుకోవడానికి పనికొచ్చే అంకె అది. వ్యాపారం కోసం వేసిన ఆ అంకె తర్వాతి కాలంలో చరిత్రకారుడికి బొమ్మతో సమానంగా అక్కరకొచ్చింది. దాన్ని పట్టుకుని కంపెనీ లెక్కల వరుసలోకి వెళితే ఆ ఫొటో ఏ ఏటిదో చాలావరకు తేలుతుంది. ఊరూ ఏడూ తెలిసిన ఫొటోను ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన పెద్దవాళ్ళ ముందు పెడితే, అందులో నిలబడ్డ మనుషుల పేర్లు ఒక్కొక్కటే బయటికొస్తాయి. రాజులూ మంత్రులూ లేని మామూలు ఊళ్ళకు బ్రిటన్‌లో చరిత్ర రాయడం కుదిరిందంటే, ఫొటో, పెద్దవాళ్ళ జ్ఞాపకం ఒకచోట కలవడం అందుకు ఒక పెద్ద కారణం.

ఫ్రిత్ 1822లో డెర్బీషైర్‌లోని చెస్టర్‌ఫీల్డ్‌లో క్వేకర్ల ఇంట పుట్టాడు. ఆడంబరం కూడదనీ, మాట తప్పకూడదనీ నమ్మే క్రైస్తవ శాఖ అది. షెఫీల్డ్‌లో కత్తుల వ్యాపారి దగ్గర పని నేర్చుకుని, ఆరోగ్యం చెడి, కోలుకున్నాక లివర్‌పూల్‌లో టోకు కిరాణా వ్యాపారం చేశాడు. తర్వాత అచ్చు వ్యాపారం నడిపాడు. ముప్పై దాటిన కొన్నేళ్ళకే అన్నీ అమ్ముకుని, జీవితాంతం కూర్చుని తినగలిగినంత సంపాదనతో బయటపడ్డాడు. 1853లో లివర్‌పూల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీని స్థాపించినవాళ్ళలో అతనొకడు. 1856, 1860 మధ్య మూడుసార్లు ఈజిప్టు, పాలస్తీనా తిరిగి పిరమిడ్లను, నైలు ఒడ్డు గుళ్ళను ఫొటోలు తీశాడు. అవి లండన్‌లో గొప్ప పేరు తెచ్చాయి. 1860లో పెళ్ళి చేసుకుని సర్రేలోని రైగేట్‌లో స్థిరపడ్డాక మరో పెద్ద పని తలకెత్తుకున్నాడు. బ్రిటన్‌లోని ప్రతి పట్టణాన్నీ, చూడదగ్గ ప్రతి పల్లెనూ ఫొటో తీయించి అమ్మాలన్నది అతని సంకల్పం.

అప్పటి పద్ధతిలో ఒక్క బొమ్మకు పడే శ్రమ ఎంతో చూస్తే ఆ సంకల్పం బరువు తెలుస్తుంది. శుభ్రంగా తుడిచిన గాజు పలకను వేళ్ళ మీద నిలబెట్టి, దాని మీద కొలోడియన్ అనే జిగురు ద్రవం పోయాలి. పలకను నెమ్మదిగా అటూ ఇటూ వంచుతూ నాలుగు మూలలకూ పాకించి, మిగిలింది ఒక మూల నుంచి సీసాలోకి వంపేయాలి. ఆ పూత ఆరకముందే చీకట్లో సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచి తీసి, కెమెరాలో పెట్టి, బొమ్మ తీసి, వెంటనే గుడారంలోకి పరుగెత్తి కడగాలి. పూత ఆరితే పలక పనికిరాదు. మొత్తం పని పది పదిహేను నిమిషాల్లో అయిపోవాలి కాబట్టి ఫొటోగ్రాఫరు వెళ్ళిన చోటికల్లా చీకటి గుడారం, రసాయనాలు, నీళ్ళు, గాజు పెట్టెలు బండెక్కి వెళ్ళేవి. ఈజిప్టు ఎండలో గుడారం లోపల కొలోడియన్ పలక మీదే పొంగేదని ఫ్రిత్ రాసుకున్నాడు. ఇంగ్లండు చలిలో ఆ బాధ లేకపోయినా వెలుతురు చాలేది కాదు. కెమెరా కన్ను సెకన్ల తరబడి తెరిచి ఉంచాల్సి వచ్చేది. కదలకుండా నిలబడ్డవాడు బొమ్మలో మిగిలాడు, నడిచిపోయినవాడు పొగలా చెరిగిపోయాడు. 1860ల నాటి వీధులు మనకు అంత నిర్మానుష్యంగా కనిపించడానికి కారణం ఇదే. సంత రోజున తీసిన బొమ్మైనా సరే, నిశ్చలంగా ఉన్న గుర్రపు బండి, గోడకు ఆనుకున్న ముసలాయన తప్ప ఇంకెవరూ ఉండకపోవచ్చు.

ఫ్రిత్ తానొక్కడే తిరగలేదు. మనుషుల్ని పెట్టుకుని పంపాడు, ఇతరులు తీసిన నెగటివ్‌లు కొన్నాడు. క్రిమియా యుద్ధం ఫొటోలతో పేరు తెచ్చుకున్న రోజర్ ఫెంటన్ ఆ వృత్తి మానుకున్నప్పుడు అతని నెగటివ్‌లు కొన్ని ఫ్రిత్ చేతికే వచ్చాయి. ఎవరు తీసినా బొమ్మ మీద కంపెనీ పేరే. అందువల్ల వేల ఫొటోలకు తీసినవాళ్ళ పేర్లు తెలియకుండా పోయాయి. ఆ మనుషులకు జరిగిన అన్యాయంగానే నేను దీన్ని చూస్తాను. ఎండకూ వానకూ ఓర్చి దేశమంతా తిరిగినవాళ్ళు వాళ్ళు.

కాలం మాత్రం కంపెనీకి కలిసొచ్చింది. రైళ్ళు సముద్రతీరాలకు జనాన్ని మోసుకెళుతున్నాయి. 1871 చట్టంతో బ్యాంకు సెలవులు వచ్చాయి. ఒక పూట తీరానికి వెళ్ళొచ్చిన గుమస్తా కుటుంబం గుర్తుగా ఒక బొమ్మ కొనుక్కునేది. రెండు వేలకు పైగా దుకాణాలు ఫ్రిత్ బొమ్మలు అమ్మాయి. 1894లో ప్రైవేటు సంస్థలు అచ్చువేసిన బొమ్మల కార్డులకు తపాలా శాఖ అనుమతిచ్చింది. 1902లో చిరునామా ఉన్న వైపే సందేశమూ రాసుకోవచ్చని ఒప్పుకోవడంతో రెండో వైపు మొత్తం బొమ్మకు దక్కింది. 1898లో ఫ్రాన్సులోని కాన్‌లో చనిపోయిన ఫ్రిత్ ఈ కార్డుల వెల్లువను చూడలేదు. కొడుకులు దాన్ని అందుకున్నారు. అర పెన్నీ బిళ్ళ అంటించి పంపిన కార్డు మీద "మేము దిగిన ఇల్లు ఇదే" అని కిటికీ దగ్గర ఇంటూ గుర్తు పెట్టడం అప్పటి జనానికి మామూలు అలవాటు. ఫొటోకు జ్ఞాపకం తోడవడం ఆనాడే మొదలైంది.

ఇంత పెద్ద నిధిలోనూ ఒక లోటుంది, దాన్ని దాచకూడదు. అమ్ముడుపోయేవే తీశారు. చర్చి, వంతెన, పెద్ద వీధి, తీరం, కోట ఉంటాయి. కార్మికులు ఒకరి మీద ఒకరు పడి బతికిన పెరటి సందులు అరుదు. వాటి కోసం వేరే చోటికి వెళ్ళాలి. గ్లాస్గో నగరపాలకులు 1866 చట్టంతో పాత మురికివాడల్ని కూల్చడానికి సిద్ధమై, ఆ సందుల్ని కూల్చేముందు ఫొటోలు తీయమని థామస్ ఆనన్‌కు అప్పగించారు. 1868, 1871 మధ్య అతను తీసిన బొమ్మల్లో మనిషి రెండు చేతులూ చాచితే రెండు గోడలూ తగిలేటంత ఇరుకైన సందులు, మధ్యన పారే మురుగు, పైన ఆరేసిన గుడ్డలు, కదిలిపోయి ముఖాలు మసకబారిన పిల్లలు కనిపిస్తారు. ఫ్రిత్ బొమ్మల పక్కన ఆనన్ బొమ్మలు పెట్టి చూడనిదే ఆనాటి బ్రిటన్ ఎలా ఉండేదో తెలిసిందని అనుకోలేం.

ఈ రెండింటికీ నడిమి తోవ తొక్కినవాడు ఫ్రాంక్ మెడో సట్‌క్లిఫ్. కుర్రతనంలో ఫ్రిత్ కంపెనీ కోసం యార్క్‌షైర్ కోటల్నీ మఠాల్నీ తీసిన ఇతను, తర్వాత విట్‌బీ అనే రేవు పట్టణంలో స్టూడియో పెట్టుకున్నాడు. వేసవిలో వచ్చే యాత్రికులకు ఫొటోలు తీయడం అతని పొట్టకూటి పని. మిగిలిన వేళల్లో రేవులో జాలర్ల కుటుంబాల్ని తీశాడు. గాలానికి ఎర గుచ్చే ఆడవాళ్ళు, అల్లిన ఉన్ని చొక్కాల్లో పడవ అంచున వాలిన ముసలి జాలర్లు, బుట్టలు మోసే పిల్లలు అతని ఫొటోల్లో ఉన్నారు. వాళ్ళంతా అతనికి ముఖపరిచయం ఉన్నవాళ్ళు, వీధిలో పలకరించేవాళ్ళు. ఆ చనువు బొమ్మల్లో తెలుస్తుంది. 1886లో ఒక పడవ చుట్టూ నీళ్ళలో దిసమొలతో ఆడుకునే పిల్లల్ని తీస్తే స్థానిక మతగురువులు మండిపడ్డారు. తర్వాత ఏడవ ఎడ్వర్డ్‌గా రాజైన వేల్స్ యువరాజు అదే బొమ్మ పెద్ద ప్రతి తెప్పించుకున్నాడు. 1941లో చనిపోయేదాకా సట్‌క్లిఫ్ జీవితం ఆ ఊరితోనే ముడిపడి ఉంది. ఒక ఊరిని ఒక మనిషి అన్నేళ్ళు శ్రద్ధగా చూస్తే ఏమవుతుందో అతని పని చెబుతుంది.

ఒక్క ఊరికి కాక దేశమంతటికీ ఇలాంటి పని తలపెట్టిన బర్మింగ్‌హామ్ పార్లమెంటు సభ్యుడు బెంజమిన్ స్టోన్ 1897లో జాతీయ ఫొటో రికార్డు సంఘం పెట్టి పాత ఆచారాల్నీ కట్టడాల్నీ తీయించి బ్రిటిష్ మ్యూజియంలో చేర్పించాడు. 1910లో ఆ సంఘం మూతపడింది. ఉద్దేశం గొప్పదే అయినా అందులోని మనుషులు చాలాచోట్ల కెమెరా ముందు బిగుసుకుని నిలబడ్డారు.

ఇంతవరకూ అంతా చూసినవాళ్ళ వైపు నుంచి చెప్పిన కథ. బొమ్మలో ఉన్నవాళ్ళు నోరు విప్పడానికి చాలా కాలం పట్టింది. వేల్స్ బొగ్గుగనుల ప్రాంతం నుంచి వచ్చిన రచయిత జార్జ్ ఎవార్ట్ ఎవాన్స్ 1948లో సఫోక్‌లోని బ్లాక్స్‌హాల్ పల్లెలో కాపురం పెట్టాడు. భార్య అక్కడి బడిలో టీచరు. ఇరుగుపొరుగు ముసలివాళ్ళు గొర్రెల కాపరులు, గుర్రాల నాగలి దున్నినవాళ్ళు. వాళ్ళ మాటలు వింటూ వింటూ, యంత్రాలొచ్చాక మాయమవుతున్న ఒక పాత వ్యవసాయ ప్రపంచం మొత్తం వాళ్ళ నోట బతికి ఉందని ఎవాన్స్ గ్రహించాడు. ఇటుక పొయ్యిలో రొట్టె కాల్చడం, కోతలయ్యాక ఆడవాళ్ళూ పిల్లలూ పొలాల్లో పరిగె ఏరుకోవడం వంటివన్నీ చేర్చి 1956లో 'ఆస్క్ ద ఫెలోస్ హూ కట్ ద హే' ప్రచురించాడు. బ్రిటన్‌లో మౌఖిక చరిత్రకు దారి వేసిన పుస్తకాల్లో అదొకటి.

జ్ఞాపకానికి దాని బలహీనత దానికుంది. పేర్లు, వాసనలు, కొట్టువాడి స్వభావం అది బాగా పట్టుకుంటుంది, ఏళ్ళ లెక్కలో తడబడుతుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందే ఫలానా కొట్టు మూతపడిందని ఒకరు గట్టిగా అంటారు. ఫొటోలో ఆ కొట్టు తెరిచే ఉంటుంది, ఇళ్ళ కప్పుల మీద టీవీ యాంటెనాలు నిలబడి ఉంటాయి. యుద్ధకాలంలో ఇనుము కోసం ఎన్నో ఊళ్ళలో ఇళ్ళ ముందరి కమ్ముల కంచెలు కోసుకుపోయారు. అందుకే కంచెలున్న వీధి బొమ్మ చాలామటుకు అంతకు ముందుదై ఉంటుంది. గుమ్మటం లాంటి పైకప్పున్న ఎర్ర టెలిఫోన్ డబ్బాల్లో బాగా వ్యాపించిన నమూనా 1936లో వచ్చింది. అది కనిపిస్తే బొమ్మ ఆ ఏటికి ముందుది కాదు. ఫొటో కూడా అన్నివేళలా నమ్మకస్తురాలేం కాదు. యుద్ధం తర్వాతి ఫ్రిత్ బొమ్మల్లో ఎన్నింటికో తేదీ సుమారుగానే దొరుకుతుంది. అక్కడ మళ్ళీ మనిషి కావాలి. తోపుడు బండిలో ఉన్న పసిపాపను నేనేనని ఒకావిడ చెబితే ఆ సుమారు తేదీ ఒక్కసారిగా గట్టిపడుతుంది.

ఫొటోకూ జ్ఞాపకానికీ ఉన్న ఈ పొత్తు ఎంత అవసరమో డోర్సెట్ తీరంలోని టైన్‌హమ్ పల్లెలో కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. 1943 డిసెంబరులో, క్రిస్మస్‌కు కొద్ది రోజుల ముందు, సైనిక శిక్షణ కోసం ఆ ఊరిని ఖాళీ చేయించారు. సుమారు 225 మంది సామాన్లు సర్దుకుని కదిలారు. వెళ్తూ వెళ్తూ చర్చి తలుపుకు ఒక కాగితం గుచ్చారు. యుద్ధం గెలవడానికి తాము తరాలుగా బతికిన ఇళ్ళు వదులుతున్నామని, చర్చినీ ఇళ్ళనూ జాగ్రత్తగా చూసుకోమని, ఏనాటికైనా తిరిగొస్తామని అందులో ఉంది. తిరిగి రానివ్వలేదు. 1948లో సైన్యం ఆ భూమిని నిర్బంధంగా కొనేసింది. ఇళ్ళ కప్పులు కూలి, గదుల మధ్య చెట్లు మొలిచాయి. ఫిరంగుల సాధన లేని వారాంతాల్లో ఇప్పుడు జనాన్ని అనుమతిస్తారు. మొండి గోడల దగ్గర ఆ ఇంట్లో ఎవరుండేవారో, ఏ పని చేసేవారో రాసిన పలకలు, పాత ఫొటోలు పెట్టారు. బడిలో పిల్లల పేర్లు రాసిన కొక్కేలు ఉన్నాయి. అవే లేకపోతే అది ఎక్కడైనా కనిపించే రాళ్ళ కుప్ప.

ఫ్రిత్ నిధికీ ఇంచుమించు ఆ గతే పట్టబోయింది. 1970 ప్రాంతంలో కంపెనీ మూతపడింది. ఫొటోగ్రఫీ చరిత్రకారుడు బిల్ జే చొరవతో రోత్‌మన్స్ అనే పొగాకు సంస్థ దాన్ని కొన్నది. 1977లో ఆ సంస్థలోనే పనిచేస్తున్న జాన్ బక్ దాన్ని సొంతం చేసుకుని నిలబెట్టాడు. ఏడు వేలకు పైగా ఊళ్ళ బొమ్మలు అలా దక్కాయి.

ఊరి జ్ఞాపకాన్ని పోగుచేయడం తెలుగువాళ్ళకు కొత్త కాదు. స్కాట్లండ్‌లోని స్టార్నవే నుంచి వచ్చిన ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం, అతని సహాయకులైన కావలి సోదరులు కరణాల దగ్గర కూర్చుని కైఫీయత్తులనే ఊళ్ళ చరిత్రలు రాయించినప్పటికి ఫొటోగ్రఫీ ఇంకా పుట్టలేదు. మనకు మాట దక్కింది, బొమ్మ లేదు. ఇప్పుడు ప్రతి ఇంట్లో పాత ఫొటోలున్నాయి, వాటిలో చాలావాటి వెనక ఏమీ రాసి ఉండదు. మీ ఇంటి ట్రంకు పెట్టెలోని ఫొటోలు తీసి, వాటిలోని మనుషుల్ని గుర్తుపట్టగల పెద్దవాళ్ళు ఇంట్లో ఉండగానే అడిగి, ప్రతిదాని వెనకా మెత్తటి పెన్సిలుతో పేర్లు, ఊరు, ఏడు రాసి పెట్టండి.