చందుర్తి యుద్ధం (1758)

చందుర్తి యుద్ధం 1758 డిసెంబరులో, నేటి కాకినాడ జిల్లా గొల్లప్రోలు మండలంలోని చందుర్తి దగ్గర, ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకీ ఫ్రెంచివారికీ మధ్య జరిగింది. ఇంగ్లీషు చరిత్రకారులు దీన్ని కాండోర్ యుద్ధమన్నారు. దక్షిణాదిలో ఈ రెండు కంపెనీల పోరు 1760లో వందవాసి దగ్గర తేలిందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. తెలుగు తీరం తలరాత అంతకు ముందే మారిపోయింది.

1753లో హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ ఈ తీరంలోని ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ధారాదత్తం చేశాడు. 1757 జనవరిలో ఫ్రెంచివారు, విజయనగరం కలిసి చేసిన దాడిలో బొబ్బిలి కోట కూలింది. విజయనగరం ప్రభువు పూసపాటి విజయరామరాజు బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి చేతిలో మరణించాడు. ఆ ఏడే ఫ్రెంచి సేనాని బుస్సీ విశాఖపట్నాన్ని ఇంగ్లీషువారి నుంచి లాక్కున్నాడు. విజయనగరం గద్దెనెక్కిన ఆనందరాజుకు ఫ్రెంచివారితో పొసగలేదు. 1758లో బుస్సీ దక్షిణానికి తరలిపోగానే ఆయన విశాఖపట్నం పట్టుకుని, ఇంగ్లీషువారికి కబురంపాడు. మద్రాసు కాదంది. కలకత్తాలో క్లైవు ఒప్పుకున్నాడు.

అక్టోబరులో కర్నల్ ఫోర్డ్ సుమారు 500 మంది తెల్ల సైనికులతో, 2,000 మంది సిపాయిలతో ఓడల్లో వచ్చి విశాఖపట్నంలో దిగాడు. ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ దగ్గర సిపాయిలే సుమారు 6,000 మంది. ఆనందరాజుకు జనం ఉన్నారు కానీ మంచి తుపాకులు తక్కువ. ఒప్పందం ప్రకారం గెలిచాక లోపలి భూములు రాజుకు, సముద్రతీరం కంపెనీకి. ఆ షరతులోనే తర్వాతి చరిత్రంతా ఉంది.

యుద్ధం తిరిగింది ఓ పొరపాటు మీద. ఫోర్డ్ వెంట వచ్చిన బెంగాల్ సిపాయిలు ఎర్ర దుస్తుల్లో ఉండడంతో వాళ్లే తెల్ల పటాలమనుకుని ఫ్రెంచివారు ఆ వైపు దూకారు. సిపాయిలు చెదిరారు. తరుముతూ వరస తప్పిన ఫ్రెంచివారికి నిలువెత్తు చేను చాటునున్న అసలు పటాలం పక్కనుంచి ఎదురైంది. తుపాకుల దెబ్బకు వాళ్లు వెనుదిరిగారు. విడిది, ఫిరంగులు చిక్కాయి. కాన్‌ఫ్లాన్స్ రాజమహేంద్రవరానికి పారిపోయాడు.

ఆపైన రాజు ఇస్తానన్న డబ్బు అందక ఫోర్డ్ వారాల తరబడి ఆగిపోయాడు. అయినా 1759 ఏప్రిల్ 7-8 రాత్రి మచిలీపట్నం కోటను పట్టాడు. మే నెలలో సలాబత్ జంగ్ మచిలీపట్నం, నిజాంపట్నం ప్రాంతాలను కంపెనీకి రాసిచ్చి, ఫ్రెంచివారిని సర్కారుల్లో ఉండనివ్వనని ఒప్పుకున్నాడు. 1766 నాటి నిజాం సంధితో సర్కారులపై కంపెనీ హక్కు ఖాయమైంది.

విజయనగరం సంస్థానానికి మిగిలింది పేష్కష్ (కప్పం) బకాయిల ఒత్తిడి. ఆనందరాజు తర్వాత గద్దెనెక్కిన చిన విజయరామరాజు 1794 జూలై 10న, నేటి విశాఖపట్నం జిల్లాలోని పద్మనాభం దగ్గర, అదే కంపెనీ సైన్యంతో పోరాడి నేలకొరిగాడు.